డాలస్ నుంచి ఇద్దరే బీచ్‌కి పోతే ఎటు పోవాలి? గాల్వెస్టన్ నుంచి డెస్టిన్ దాకా ఐదు దారులు

డాలస్‌లో ఉంటూ బీచ్‌కి పోవాలంటే ముందు ఒక నిజం ఒప్పేసుకోవాలి, మన దగ్గర్లో సముద్రం లేదు. ఇర్వింగ్‌లో కారు తీస్తే అన్నిటికన్నా దగ్గర ఉప్పునీళ్ళే నాలుగున్నర ఐదు గంటలు. ఆ తర్వాతది ఏడు గంటలు, తర్వాతది తొమ్మిది, అలా పోతూనే ఉంటుంది. అందుకే లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు అందరికీ అదే గోల, గాల్వెస్టన్ బాగోదంటారు, డెస్టిన్ దూరం అంటారు, చివరికి ఎటూ పోకుండా ఫ్రిస్కోలో బిర్యానీ తిని పడుకుంటారు.

నాది బందరు, మా వాడిది వైజాగ్. మాస్టర్స్‌లో రూమ్మేట్స్‌మి, ఇప్పుడు వేరే వేరే చోట్ల ఉద్యోగాలు, ఏడాదికి ఒకటి రెండు సార్లు ఇద్దరం కారేసుకుని సముద్రం వైపు పోతాం. ఈ ఐదూ తిరిగాం, కొన్ని రెండేసి సార్లు. పెద్ద గ్యాంగ్‌తో పోయే వాళ్ళకి ఈ లెక్కలు సగం పనికిరావు, ఎందుకంటే ఎనిమిది మంది ఉంటే కాండో (అద్దెకిచ్చే ఫ్లాట్) తీసుకుని పంచుకుంటే తలా కొంచెమే పడుతుంది, డ్రైవర్లు నలుగురుంటారు. ఇద్దరికి అలా కాదు, ప్రతి బిల్లూ రెండు ముక్కలే, ప్రతి మైలూ ఇద్దరే తోలాలి.

ముందు ఏం చూడాలి

అందరూ నీళ్ళ రంగుతో మొదలెడతారు. ఇన్‌స్టాలో డెస్టిన్ ఫోటో చూడ్డం, అదే కావాలనడం. నేనైతే నీళ్ళ రంగుని ఆఖర్న పెడతా. మొదటిది, అక్కడ ఎన్ని రాత్రులు పడుకుంటారు? నా లెక్క ఒకటుంది: ఒక్కో రాత్రికి ఒకవైపు నాలుగు గంటల డ్రైవ్, మహా అయితే ఇంకో గంట. ఒక్క రాత్రే అయితే నాలుగున్నర ఐదు గంటల్లో ఉన్న చోటికి, రెండు రాత్రులైతే ఎనిమిది గంటల లోపు, మూడైతే పన్నెండు దాకా. ఇది దాటితే మీరు బీచ్‌కి వెళ్ళినట్టు కాదు, హైవే చూసొచ్చినట్టు. మేం ఒకసారి రెండు రాత్రులకి డెస్టిన్ పోయాం, వెళ్ళడానికి పదకొండు రావడానికి పన్నెండు, సోమవారం స్టాండప్ మీటింగ్‌లో కెమెరా ఆన్ చేయలేదు నేను.

రెండోది, ఇద్దరూ నిజంగా డ్రైవ్ చేస్తారా? లైసెన్స్ ఉండటం వేరు, రాత్రి పదకొండింటికి వర్షంలో ట్రక్కుల మధ్య 70లో పోగలగడం వేరు. ఒక్కడే తోలేటట్టయితే ఏడు గంటలు దాటొద్దు. రెంటల్ కారయితే రెండో మనిషి పేరు కూడా కౌంటర్‌లో రాయించండి, రాయించకుండా వాడు తోలి ఎక్కడన్నా తగిలిస్తే ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు. ఇరవై అయిదు లోపు వాళ్ళకి రోజుకింత అని ఎక్స్‌ట్రా వేస్తారు, అదీ లెక్కలో పెట్టుకోండి.

మూడోది కాగితాలు, వయసు. ఇది ఎవరూ ముందు చెప్పరు, కింద వివరంగా చెప్తా. తర్వాత తిండి, తర్వాత ఖర్చు, ఆ తర్వాతే నీళ్ళు.

| | గాల్వెస్టన్ | పోర్ట్ అరాన్సస్ | సౌత్ పాడ్రే | గల్ఫ్ షోర్స్ | డెస్టిన్ |
|---|---|---|---|---|---|
| రాష్ట్రం | టెక్సస్ | టెక్సస్ | టెక్సస్ | అలబామా | ఫ్లోరిడా |
| ఒకవైపు మైళ్ళు (సుమారు) | 290 | 415 | 550 | 630 | 700 |
| గంటలు (ఆగకుండా) | 4.5–5 | 7 | 9 | 10 | 11 |
| రానూపోనూ గ్యాస్ (పెట్రోల్) | 63 డాలర్లు | 90 | 120 | 135 | 150 |
| కనీసం రాత్రులు | 1 | 2 | 3 | 3 | 3 |
| నీళ్ళు | గోధుమ రంగు | ఓ మాదిరి | ఆకుపచ్చ నీలం | క్లియర్ | ఇంకా క్లియర్ |
| దారిలో వీసా కాగితాల చెకింగ్ | లేదు | లేదు | తిరుగు దారిలో ఉంది | లేదు | లేదు |

గ్యాస్ లెక్క ఎలా వేశానంటే మైలేజీ గ్యాలన్‌కి 30 మైళ్ళు, గ్యాలన్ మూడు డాలర్లు, అక్కడ తిరగడానికి ఇంకో యాభై నుంచి వంద మైళ్ళు. మీ కారు పెద్ద ఎస్‌యూవీ అయితే ఇంకో మూడో వంతు కలుపుకోండి.

గాల్వెస్టన్

అందరూ తిట్టేది దీన్నే, నేను వెనకేసుకొచ్చేదీ దీన్నే. ఐ-45 ఎక్కితే ఆ హైవే ఎక్కడ అయిపోతుందో అక్కడే గాల్వెస్టన్, దారి తప్పే ప్రశ్నే లేదు. మధ్యలో మాడిసన్‌విల్‌లో బకీస్ అనే పెద్ద గ్యాస్ స్టేషన్, శుభ్రమైన బాత్రూములు, అక్కడ ఒక అరగంట ఎలాగూ పోతుంది.

నీళ్ళు గోధుమ రంగే, అందులో అబద్ధం లేదు. మా వాడు మొదటిసారి సీవాల్ (సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ) మీద నిలబడి చూసి "ఇదేంటి మావా, మీ మంగినపూడిలా ఉంది" అన్నాడు. వైజాగోళ్ళకి ఆ పొగరు పుట్టుకతోనే వస్తుంది. కానీ వాడన్నది కరెక్టే, కారణం కూడా ఒకటే. బందరు దగ్గర కృష్ణ బురద తెచ్చి పోస్తుంది, ఇక్కడ మిసిసిపీ, అచాఫలాయా లాంటి నదులు తెచ్చిన మట్టిని ప్రవాహం పడమరకి మోసుకొస్తుంది, అక్కడ లోతు తక్కువ కాబట్టి అల కొట్టినప్పుడల్లా అడుగున ఉన్నది పైకి లేస్తుంది. మురికి కాదు, ఒండ్రు. గాలి లేని రోజుల్లో కొంచెం తేరుకుని పచ్చగా కనిపిస్తుంది కూడా, నేను ఒక్కసారి చూశా.

ఊరు మాత్రం బాగుంటుంది. 1900లో వచ్చిన తుఫానులో ఇక్కడ ఆరు వేల మందికి పైగా చనిపోయారు, అమెరికాలో ప్రకృతి విపత్తుల్లో అంత ప్రాణనష్టం ఇంకెక్కడా లేదు. ఆ తర్వాత కట్టిందే ఆ సీవాల్, పది మైళ్ళ పొడుగు, సాయంత్రం దాని మీద నడవడం మన బీచ్ రోడ్డు నడకలా ఉంటుంది. బొలివర్ ఫెర్రీ ఫ్రీ, కారుతో సహా ఎక్కొచ్చు, వెనకాల డాల్ఫిన్లు వస్తాయి. డాలర్ ఖర్చు లేకుండా డాల్ఫిన్లు.

ఇంకోటి, తిరిగొచ్చేటప్పుడు పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడి దాదాపు దారిలోనే, పక్కనే హ్యూస్టన్‌లో మన భోజనం. వెజిటేరియన్లకి ఈ ఐదింట్లో ఇంత సుఖం ఇంకెక్కడా లేదు.

జాగ్రత్త ఒకటే, సీవాల్ ముందు నీళ్ళలోకి పొడుచుకొచ్చిన రాళ్ళ గట్లుంటాయి, వాటి పక్కన లోపలికి లాగే ప్రవాహం ఎప్పుడూ ఉంటుంది. బోర్డులు పెట్టారు, అయినా ఫోటోల కోసం అక్కడికే పోతారు జనం.

పోర్ట్ అరాన్సస్

లోకల్ వాళ్ళు పోర్ట్ ఏ అంటారు. ఐ-35 మీద సాన్ ఆంటోనియో, అక్కడ్నుంచి ఐ-37. ఆస్టిన్ ట్రాఫిక్ ఒక్కటే శని, అది తప్పించుకోవాలంటే టోల్ రోడ్ 130 పట్టుకోండి, దాని దక్షిణ భాగంలో స్పీడ్ లిమిట్ 85, దేశంలో అంతకన్నా ఎక్కువ ఎక్కడా లేదు. చివర్లో అరాన్సస్ పాస్ దగ్గర ఫ్రీ ఫెర్రీ, 24 గంటలూ నడుస్తుంది, పది నిమిషాల ప్రయాణానికి లాంగ్ వీకెండ్‌లో గంట క్యూ.

ఇక్కడ మజా ఏంటంటే కారు ఇసుక మీదకే తీసుకెళ్ళొచ్చు. పర్మిట్ స్టిక్కర్ కొనుక్కుని అద్దానికి అంటించుకుని నీళ్ళకి ఇరవై అడుగుల దూరంలో డిక్కీ తెరుచుకుని కూర్చోవచ్చు. ఇద్దరికి ఇంతకన్నా సుఖం ఏముంది, గొడుగు మోయక్కర్లేదు, కూలర్ మోయక్కర్లేదు. మేం స్టీలు డబ్బాలో పులిహోర, ఇంకో డబ్బాలో పెరుగన్నం, మా అమ్మ పంపిన బందరు లడ్డూ, డిక్కీలో కాళ్ళు చాపుకుని తిన్నాం. పులిహోర తీసేటప్పుడు మాత్రం తల మీద చూసుకోండి, అక్కడి సీగల్స్‌కి సిగ్గూ శరం లేదు, మా వాడి చేతిలో ముద్ద నోటిదాకా రాలేదు.

అయితే గట్టి ఇసుక ఎక్కడ అయిపోయి మెత్తటిది ఎక్కడ మొదలవుతుందో కంటికి తెలీదు. తడి తగిలి ముదురు రంగులో ఉన్నది గట్టిగా ఉంటుంది, తెల్లగా పొడిగా ఉన్నచోట చక్రం తిరుగుతుంది గానీ కారు కదలదు. మేం తిప్పుకోడానికని పక్కకి ఒక్క కారు పొడుగు జరిగాం, అంతే, ముందు చక్రాలు రెండూ సగం దాకా దిగిపోయాయి. నేను యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగుతోంది. చేపలు పట్టుకుంటున్న ఒక పెద్దాయన గేలం పక్కన పెట్టి వచ్చి, తొక్కొద్దు అని చెయ్యి ఊపి, టైర్లలో గాలి కొంచెం తీయించి, ఫ్లోర్ మ్యాట్లు చక్రాల కింద వేయించి, తన ట్రక్కుతో లాగాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, లడ్డూలు మాత్రం తీసుకున్నాడు. రెంటల్ కారయితే ఈ పని అసలు చేయొద్దు, చాలా అగ్రిమెంట్లలో ఇసుక మీద నడపడం నిషేధం.

పక్కనే పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్ ఉంది, డెబ్బై మైళ్ళ పొడుగు ఖాళీ బీచ్, మొదటి కొన్ని మైళ్ళు దాటితే ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా పోకూడదు. జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా తెల్లవారుజామున అక్కడ కెంప్స్ రిడ్లీ తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు, మనల్ని చూడనిస్తారు. మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీకి ఇవి దగ్గరి చుట్టాలు. ఏ రోజు వదులుతారో ముందురోజు గానీ తెలీదు కాబట్టి దాన్నే నమ్ముకుని ప్లాన్ చేయకండి, కుదిరితే మాత్రం నాలుగింటికి లేచైనా పోండి.

సౌత్ పాడ్రే

టెక్సస్ దాటకుండా మంచి నీళ్ళు కావాలంటే ఇదే. రెండున్నర మైళ్ళ వంతెన మీద దీవిలోకి దిగుతుంటే రెండు వైపులా నీళ్ళు మెరుస్తాయి. సన్నటి దీవి, పొద్దున సముద్రం వైపు సూర్యోదయం, సాయంత్రం వెనక బే వైపు సూర్యాస్తమయం, మధ్యలో నడిస్తే పది నిమిషాలు. సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం చూసి మా వాడు కాసేపు మాట్లాడలేదు, వైజాగ్ గుర్తొచ్చిందన్నాడు తర్వాత. దక్షిణాన చూస్తే స్పేస్ఎక్స్ రాకెట్ టవర్లు కనిపిస్తాయి.

ఇప్పుడు కాగితాల సంగతి. దీవి మెక్సికో బోర్డర్‌కి దగ్గర. వెళ్ళేటప్పుడు ఎవరూ ఆపరు. తిరిగొచ్చేటప్పుడు 77 హైవే మీద సరిటా దగ్గర, 281 మీదుగా వస్తే ఫాల్‌ఫూరియస్ దగ్గర, బోర్డర్ ప్యాట్రోల్ (సరిహద్దు పోలీసుల) చెక్‌పోస్ట్ ఉంటుంది, ప్రతి కారూ ఆగాల్సిందే. సిటిజన్సా అని అడుగుతారు, కాదంటే కాగితాలు. ఒరిజినల్ పాస్‌పోర్ట్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్, ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్ళయితే ఐ-20, ఓపీటీలో (చదువుకి తగ్గ పని చేసుకునే అనుమతి) ఉంటే ఈఏడీ కార్డ్ (వర్క్ పర్మిట్), హెచ్1 (ఉద్యోగ వీసా) వాళ్ళయితే ఐ-797 (ఆమోద పత్రం) కూడా. ఫోన్లో ఫోటోలున్నాయని బయల్దేరకండి, స్టేటస్ కాగితాలు వెంట పెట్టుకోవాలన్నది ఎలాగూ చట్టమే, ఇక్కడ అది నిజంగా అడుగుతారు. మాకు మొత్తం రెండు నిమిషాలు పట్టింది, కానీ ఆ రెండు నిమిషాల ముందు సీటు కింద పడ్డ ఫోల్డర్ కోసం మా వాడు వెతికిన వెతుకుడు నాకింకా గుర్తే. (ఐ-20 అంటే ఇక్కడ కాలేజీ ఇచ్చిన కాగితం. డెస్టిన్ పోవాలంటే ఐ-20 హైవే. రెండూ మన బతుకులో భాగమే.)

వీసా స్టాంప్ అయిపోయినా ఐ-94 బాగుంటే దేశం లోపల తిరగడానికి ఇబ్బంది లేదు. కానీ స్టేటస్ మార్పు మధ్యలో ఉన్నవాళ్ళు, కాగితాలు రెన్యువల్‌కి పంపినవాళ్ళు ఈ ట్రిప్ తర్వాతకి వాయిదా వేసుకోండి, ఆ టెన్షన్‌తో బీచ్ ఎంజాయ్ చేయలేరు. మార్చిలో కూడా వద్దు, స్ప్రింగ్ బ్రేక్ (కాలేజీ సెలవులు) కుర్రాళ్ళతో దీవి ఊగిపోతుంది.

గల్ఫ్ షోర్స్, డెస్టిన్

ఈ రెండిటికీ దారి చాలావరకు ఒకటే కాబట్టి కలిపి చెప్తున్నా. ఐ-20 మీద ష్రీవ్‌పోర్ట్, ఐ-49 మీద లాఫయెట్, అక్కడ్నుంచి ఐ-10. లాఫయెట్ దాటాక అచాఫలాయా చిత్తడి మీద పద్దెనిమిది మైళ్ళ వంతెన, పగటిపూట దాటండి, రెండు వైపులా నీళ్ళలో నిలబడ్డ చెట్లు, భలే ఉంటుంది. అక్కడ లిమిట్ 60, ఖాళీగా ఉంది కదా అని తొక్కకండి. తర్వాత బాటన్ రూజ్ వంతెన, మొబీల్ టన్నెల్, ఈ రెండూ సాయంత్రం అయిదింటికి తగిలాయంటే గంటన్నర గోవిందా. రెండు ఊళ్ళూ మన డాలస్ టైమ్ జోన్‌లోనే ఉన్నాయి, గడియారం మార్చక్కర్లేదు.

ఇసుక గురించి చెప్పాలి, ఎందుకంటే అది చూశాక టెక్సస్ ఇసుకని ఇసుక అనబుద్ధి కాదు. అపలాచియన్ కొండల నుంచి నదులు యుగాలుగా మోసుకొచ్చిన క్వార్ట్జ్ అది, పంచదారలా ఉంటుంది, నడిస్తే కిచకిచమంటుంది, మిట్టమధ్యాహ్నం కూడా కాలు కాలదు. జూన్‌లో చెప్పుల్లేకుండా నడిచాం.

రెండిట్లో ఏది అంటే, ఇద్దరికైతే నేను గల్ఫ్ షోర్స్ అంటా. నీళ్ళు డెస్టిన్ కంటే ఒక పిసరు తక్కువ, అంతే. గంట దగ్గర, రద్దీ తక్కువ, గల్ఫ్ స్టేట్ పార్క్‌లో సైకిల్ దారులు ఇరవై మైళ్ళ పైనే ఉన్నాయి. డెస్టిన్‌లో ఇంకో తిరకాసు ఉంది, అక్కడ బీచ్ చాలావరకు ప్రైవేటు. టెక్సస్‌లో 1959 నాటి చట్టంతో బీచ్ అందరిదీ, ఎక్కడైనా తువ్వాలు పరుచుకోవచ్చు. డెస్టిన్‌లో అలా పరిస్తే ఎవరో వచ్చి ఇది మా రిసార్ట్ గెస్టులకి అంటారు, మమ్మల్ని లేపారు కూడా. హెండర్సన్ బీచ్ స్టేట్ పార్క్, జేమ్స్ లీ పార్క్, ఒకలూసా ఐలాండ్ లాంటివి పబ్లిక్‌వి, పార్కింగ్ పొద్దున తొమ్మిదిన్నరకే నిండిపోతుంది.

డెస్టిన్ ఎవరికి అంటే, నీళ్ళలో దిగి చేపలు చూడాలి, పాంటూన్ బోటు (బల్లపరుపు పడవ) తీసుకుని క్రాబ్ ఐలాండ్ పోవాలి అనుకునేవాళ్ళకి. పేరుకే దీవి, నిజానికి నడుంలోతు నీళ్ళలో ఇసుక మేట, బోటు లేకుండా పోలేరు. 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు బోటు నడపాలంటే ఫ్లోరిడా బోటింగ్ పరీక్ష రాసి కార్డు చూపించాలి, టెంపరరీది ఆన్‌లైన్‌లో అయిపోతుంది, ముందు రోజు రాత్రే రాసేయండి. బోటు అద్దె ఇద్దరికి భారమే, అక్కడే ఇంకో జంటనో నలుగురినో కలుపుకుంటే నయం.

ఇక వయసు గొడవ. ఈ రెండు చోట్లా చాలా కాండోలు ఇరవై అయిదు నిండనివాళ్ళకి రూమ్ ఇవ్వవు, బుకింగ్ తీసుకుంటాయి, డబ్బు తీసుకుంటాయి, చెకిన్‌లో ఐడీ చూసి కుదరదంటాయి. మా జూనియర్లు ఇద్దరు పది గంటలు తోలుకుని పోయి, ఆ రాత్రి కారులో పడుకుని, పొద్దున్నే మోటెల్ వెతుక్కున్నారు. రూల్స్ చిన్న అక్షరాల్లో రాసుంటాయి, చదవండి, లేదా ఫోన్ చేసి అడగండి. సమ్మర్‌లో కాండోలు శనివారం నుంచి శనివారం నడుస్తాయి, అందుకే శనివారం మధ్యాహ్నం 98 రోడ్డు పార్కింగ్ లాట్ అయిపోతుంది, ఆదివారం చేరేలా చూసుకోండి.

ఎవరికి ఏది

చేతిలో డబ్బుల్లేని స్టూడెంట్లు, ఒక్కడికే డ్రైవింగ్ వచ్చు: గాల్వెస్టన్, శుక్రవారం రాత్రి కాదు శనివారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరండి, ఒక్క రాత్రి చాలు.

సొంత కారుంది, చేపలు రొయ్యలు తింటారు, కబుర్లు చెప్పుకోవడమే పని: కళ్ళు మూసుకుని పోర్ట్ అరాన్సస్. కిచెన్ ఉన్న రూమ్ తీసుకుని పడవల దగ్గర రొయ్యలు కొనుక్కోండి, అల్లం వెల్లుల్లి ముద్దా కారం చిన్న డబ్బాలో పట్టుకెళ్తే ఇగురు పెట్టుకోవచ్చు. మేం చిన్న రైస్ కుక్కర్ ఎప్పుడూ డిక్కీలోనే ఉంచుతాం.

ఇండియా నుంచి దోస్తు వచ్చాడు, జీవితంలో ఒక్కసారి ఆ తెల్ల ఇసుక చూపించాలి: అప్పుడు డెస్టిన్, నాలుగు రోజులు తీసి. ఇద్దరి మధ్యా మొహమాటం ఉన్న కొత్త స్నేహమైతే మాత్రం ఐదు గంటల దూరంతో మొదలెట్టండి. పదకొండు గంటల్లో పాటలెవరివి, ఏసీ ఎంత, కిటికీ తీయాలా వద్దా, అన్నీ బయటకొస్తాయి. ఇరవై అయిదు నిండని ఇద్దరైతే అలబామా, ఫ్లోరిడా మీద ఆశ అప్పటిదాకా ఆపుకోండి, లేదా మామూలు హోటల్ చెయిన్‌కి ఫోన్ చేసి వయసు చెప్పి బుక్ చేసుకోండి.

నెల విషయం: ఏప్రిల్ ఆఖరు నుంచి మే, మళ్ళీ సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్. వేసవిలో టెక్సస్ తీరానికి సార్గాసమ్ నాచు కొట్టుకొచ్చి గుట్టలు గుట్టలుగా కుళ్ళుతుంది, కొన్ని వారాలు వాసన భరించలేం. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30, కాబట్టి ఆ నెలల్లో క్యాన్సిల్ చేస్కోగలిగే రూమే తీసుకోండి. డిసెంబర్‌లో నీళ్ళు చల్లగా ఉంటాయి, దిగలేరు.

ఎక్కడికెళ్ళినా జెండాలు చూడండి. పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే అలలు గట్టివి, రెండు ఎర్ర జెండాలంటే నీళ్ళలోకి దిగకూడదు, ఫ్లోరిడాలో దిగితే ఫైన్. ఊదా రంగుంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నట్టు. లోపలికి లాగుతుంటే ఒడ్డువైపు కొట్టుకోకుండా తీరం వెంబడి పక్కకి ఈదాలి, ఆ లాగుడు సన్నటి పట్టీలానే ఉంటుంది, దాటాక ఒడ్డుకి తిరగొచ్చు. ఇద్దరే ఉన్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఒకడు కొట్టుకుపోతుంటే రెండోవాడు ఆగలేక దూకుతాడు. దూకొద్దు, తేలేది ఏదైనా విసిరి, లైఫ్‌గార్డ్‌ని పిలిచి, 911కి కొట్టాలి. మా ఇద్దరికీ ఈత అంతంతమాత్రం, అందుకే నడుం దాటి పోకూడదని ఒప్పందం, వాడు రెండుసార్లు తప్పాడు, నేను రెండుసార్లూ ఒడ్డున నిలబడి బూతులు తిట్టా.

ఈ అక్టోబర్‌కి మళ్ళీ బేరం నడుస్తోంది. వాడికి గల్ఫ్ షోర్స్ కావాలి, నాకు పోర్ట్ ఏ. శుక్రవారం సెలవు దొరికితే వాడిది, దొరక్కపోతే నాది. ఫ్లోర్ మ్యాట్లు మాత్రం కొత్తవి కొన్నా, పాతవి ఇంకా ఆ ఇసుకలోనే ఉన్నాయి.